‘నాదే’ అన్న కేక

మా కాలేజీలో నా ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ చాలామందికి తెలియదు. ఫుట్‌బాల్ కోచ్ వేరే ఉన్నారు. నేను గోల్‌కీపర్లకు మాత్రమే నేర్పుతాను. చేరిన కొత్తలో మా ప్రిన్సిపాల్ గారు, "బాల్ వస్తె పట్టుకునుడే గద, దానికొక సార్ ఎందుకయ్యా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు ఒళ్లు మండింది. పట్టుకోవడం తర్వాతి సంగతి. ముందు అరవడం రావాలి.

ఆడపిల్లలకు అరవడం నేర్పడం ఎంత కష్టమో నన్నడగండి. ఇంట్లో ఇన్నేళ్లూ మెల్లగా మాట్లాడమని చెప్పి పెంచుతారు, నేనొచ్చి గొంతు చించుకోమంటాను. కీపర్ గోల్ వదిలి బంతి కోసం ముందుకొస్తే "నాదే!" అని కేక పెట్టాలి. ఆ కేక విన్నాక మన జట్టులో ఇంకెవరూ బంతిని ముట్టుకోకూడదు. కరీంనగర్ మైదానాల్లో నేను ఆడిన రోజుల్లోనూ ఇదే మాట. మాకు ముందు ఆడినవాళ్లదీ ఇదే మాటట.

ఆ ఏడు మా కీపర్ సుల్తానాబాద్ నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. వాళ్ల బాపు దుబాయ్‌లో పనిచేస్తాడు. మొదట్లో ఆమె "నాదే" అంటే పక్కనున్న నాకే వినబడేది కాదు. పోనుపోను ఆ కేకకు రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి చూడసాగారు. ఆమెకు ఒకటే ఆశ, యూనివర్సిటీ జట్టులో ఆడాలి. డిగ్రీ చివరి ఏడు, ఇప్పుడు కాకపోతే ఇక లేదు. జట్టును ఎంపిక చేసే పెద్దమనిషి ఆ రోజు మా మ్యాచ్‌కు వచ్చి, మా గోల్ వెనక, సరిగ్గా నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

ఆట మొదలవకముందు ఆమె వచ్చి తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

"సార్, ఇయ్యాల బాపుకు డ్యూటీ లేదు. జర ఆటంత సూపియ్యిర్రి."

తెర మీద వాళ్ల బాపు ఇనుప మంచం మీద కూర్చుని ఉన్నాడు. "నమస్తే సార్, మిమ్మల్ని పరేషాన్ చేస్తున్నట్టున్నం" అన్నాడు. పరేషానేం లేదన్నాను.

ఆట మొదలయ్యాక గోల్‌కీపర్ కోచ్ చేతిలో ఏమీ ఉండదు. వెనక నుంచి ఒక్క మాట వినబడినా బయటికి పంపిస్తానని రిఫరీ ముందే చెప్పిపోయాడు. నోరు మూసుకుని, ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఒకదాని తర్వాత ఒకటి బంతులు ఆపుతుంటే పెద్దమనిషి నా వైపు తిరిగి తల ఊపాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంపిక అయిపోయినట్టేనని మనసులో అనుకున్నాను కూడా.

ఇక ఆట ముగుస్తుందనగా బంతి మా డిఫెండర్‌కు దొరికింది. ఆదిలాబాద్ అవతల, సరిహద్దు పక్క ఊరి పిల్ల, ఆ ఏడే కాలేజీలో చేరింది. దగ్గర్లో ఎదుటి జట్టువాళ్లెవరూ లేరు. కీపర్ గోల్ వదిలి పరుగెత్తుకొచ్చి "నాదే!" అని కేక పెట్టింది. బంతిని వదిలేసి పక్కకు జరగాల్సిన ఆ పిల్ల, దాన్ని గట్టిగా వెనక్కి తన్నింది. కీపర్ పక్క నుంచి దూసుకుపోయిన బంతి ఖాళీ గోల్‌లోకి దొర్లి, వలకు తగిలి, నా కాళ్ల ముందు ఆగింది. మధ్యలో వల లేకపోతే కాలు అడ్డం పెట్టేవాణ్నే. ఆ మైదానంలో నా అంత చేతకానివాడు ఇంకొకడు లేడనిపించింది.

ఆ ఒక్క గోల్‌తోనే ఓడిపోయాం. డిఫెండర్ వల పక్కనే గడ్డిలో కూలబడి ఏడుస్తోంది.

"ఆమెనే దే అన్నది సార్. అడిగితెనే ఇచ్చిన."

నాకు అప్పుడు వెలిగింది. వాళ్లింట్లో మాట్లాడేది మరాఠీ. అందులో ‘దే’ అంటే ఇవ్వు. జనం గోలలో ‘నా’ ఎక్కడో కొట్టుకుపోయి ఆ పిల్ల చెవిన ‘దే’ ఒక్కటే పడింది. కీపర్ అరవాల్సింది అరిచింది, ఈ పిల్ల విన్నది చేసింది. ఎవర్ని తిట్టాలి?

పెద్దమనిషి కుర్చీలోంచి లేచి, "కీపర్ కేక పెట్టలేదా? తప్పెవరిది మరి?" అని అడిగాడు. చెప్పబోయాను. అంతలో ఫోన్‌లోంచి గొంతు వినబడింది.

"సార్, బొమ్మ ఆగిపోయింది. ఏమైంది? ఎవలి తప్పు సార్?"

ఒకటే ప్రశ్న రెండు వైపుల నుంచి. ఈలోగా కీపర్ వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. మోకాళ్లకు మట్టి. కింద కూర్చుని ఏడుస్తున్న పిల్లను ఒకసారి చూసింది.

"నాదే, బాపు" అంది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా" అన్నాడాయన.

పెద్దమనిషి, "కీపరే ఒప్పుకుంటుంది గద" అని కుర్చీ మడిచాడు. కాదు సార్, అది మాట తేడా అని గొంతు దాకా వచ్చింది. ఆమె నా వైపు చూసింది. గోల్ వదిలి బంతి మీదికి వచ్చేటప్పుడు అందరినీ పక్కకు జరగమనే చూపు అది, రెండేళ్లు దగ్గరుండి నేర్పింది నేనే.

కీపర్ ‘నాదే’ అన్నాక ఇంకెవరూ ముట్టుకోకూడదు. నేనూ ముట్టుకోలేదు.