కోదాడ సారు రాయనన్న లైను

మా స్కూలు కరస్పాండెంటు నన్ను పిలిచి, "మేడం, సోషల్ ఇంకొకరికి ఇస్తున్నం. జూన్ నుంచి మీరు కంప్యూటర్ చెప్పాలె. కోడింగ్ సర్టిఫికెట్ తెస్తే ఉంటరు, లేకుంటే మీ ఇష్టం" అన్నాడు. మీ ఇష్టం అంటే ఇంటికి పొమ్మని. సూర్యాపేట పిల్లలకు పద్దెనిమిదేళ్లుగా మొఘలుల వంశవృక్షం బట్టీ పట్టించినదాన్ని. కంప్యూటర్‌తో నా చుట్టరికమల్లా ప్రశ్నపత్రం టైపు చేయించుకోవడం వరకే.

అలా నలభై నాలుగేళ్ల వయసులో ఆన్‌లైన్‌లో పైతాన్ అనే కోడింగ్ కోర్సులో చేరాను. "ఇగ పామునాడిస్తవా?" అని మా ఆయన నవ్వాడు. ఆ పూట ఆయన టీ ఆయనే పెట్టుకున్నాడు.

కోర్సువాళ్లు ముగ్గురేసి చొప్పున జట్లు కట్టారు. నా జట్టులో ఒకరు మిర్యాలగూడ అమ్మాయి, రైస్ మిల్లులో లారీల కాంటా దగ్గర కూర్చుంటుంది. ఇంకొకరు కోదాడ సారు, రిటైరైన తెలుగు పండితుడు. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూడలేదు, అంతా ఫోన్ గ్రూపులోనే. "మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి" అని పైనుంచి ఆర్డరొస్తే మూడు రోజులు గులాబీ పూల గుడ్ మార్నింగులు పంపుకున్నాం. నాలుగో రోజు నేను తెగించి "ఈ ముక్క సమజైతలేదు" అని రాశాను. సారు వెంటనే "అర్థం కావడం లేదు" అని దిద్ది పెట్టాడు. జవాబు మాత్రం చెప్పలేదు. ఒళ్లు మండింది.

చెప్పింది కాంటా అమ్మాయే. నా లైన్లు కొన్ని ముందుకు, కొన్ని వెనక్కి ఉండేసరికి ప్రోగ్రాం నడవలేదు. "అక్కా, లారీ చక్రాలన్నీ కాంటా మీదికి ఎక్కాలె. ఒక్కటి బయటున్నా తూకం రాదు. గట్లనే లైన్లన్నీ ఒక్క తీరుగ జరుపు" అంది. కోర్సు వీడియోలో సూటేసుకున్నాయన గంటసేపు చెప్పింది నాకు అప్పుడెక్కింది.

సర్టిఫికెట్ కావాలంటే చివర్లో ముగ్గురం కలిసి ఒక ప్రోగ్రాం రాయాలి. ఊరి పేరు, టైము కొడితే ఆ ఊరికి బస్సు ఉందో లేదో అది చెప్పాలి. తలా ఒక భాగం. మొదటిది నాది. బస్సు సంగతి దాచుకోవడానికి అందులో ఒక పేరు పెట్టాలి. ఏ పేరైనా పర్వాలేదు, కానీ తర్వాత రాసేవాళ్లు అక్షరం పొల్లుపోకుండా అదే వాడాలి. నేను ఇంగ్లీషు అక్షరాల్లో 'ఉంటది' అని పెట్టాను. బస్సు ఉంటే ఉంటది, లేకుంటే లేదు. ఇంకేం పెడతాం?

నాది, అమ్మాయిది శనివారమే పంపేశాం. ఒకసారి పంపితే మళ్లీ ముట్టుకోనివ్వరు. ఆదివారం సాయంత్రం ఐదింటికి గడువు. నాలుగున్నరకు సారు తన భాగం గ్రూపులో పెట్టాడు. అమ్మాయి మూడూ కలిపి నడిపింది. తెర నిండా ఎర్ర అక్షరాలు. 'ఉంటుంది' అట, ఆ పేరుగలవాళ్లెవరో నాకు తెలియదు పొమ్మంది మిషను.

సారు నా 'ఉంటది'ని దిద్దాడు! తన భాగంలో పదకొండు చోట్ల!

ఫోన్ కలిపి ఇద్దర్నీ లైన్లోకి లాగాను.

"ఎవరు మార్చమన్నరు సార్ మిమ్మల్ని?"

"తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదమ్మా. ఉంటది అనేది గ్రాంథికమూ కాదు, శిష్టవ్యవహారమూ కాదు."

"గ్రంథం ఎవరు రాస్తున్నరు సార్ గీడ? బస్సు టైము రాస్తున్నం!"

"అయినా సరే, నా చేత్తో ఆ మాట రాయలేను. ముప్ఫై ఐదేళ్లు పిల్లల పేపర్లలో దాన్ని కొట్టేశాను."

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే వచ్చింది. "మీ మాట ఒప్పయితే నా నౌకరి పోతది సార్. జర సూడుండ్రి."

ఐదవడానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. కాంటా అమ్మాయి మెల్లగా అందుకుంది. "సార్, మీ 'ఉంటుంది'ని ముట్టుకోకుండ్రి. దాని పైన ఒక్క లైను ఎయ్యిండ్రి, సాలు. ఉంటుంది, ఈక్వల్ టు, ఉంటది. ఇదీ అదీ ఒకటేనని మిషనుకు చెప్పుడు, అంతే."

"రెండూ సమానమని నన్ను రాయమంటావా?"

"సమానమే గద సార్. రెండు చెప్పేది ఒక్క బస్సు ముచ్చటే."

కాసేపటికి కీబోర్డు టకటకమంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాడు. "టి తర్వాత ఏ యేనా?" అని అడిగాడు ఆ తెలుగు పండితుడు. "ఏ, డి, ఐ" అని చెప్పాను. పంపాడు. ఎర్ర అక్షరాలు రాలేదు. కాసేపు చక్రం తిరిగి తిరిగి, ఆకుపచ్చగా 'పాస్' అని పడింది. కాంటా అమ్మాయి మిల్లు అదిరేలా అరిచింది. నేను కుర్చీలో వెనక్కి వాలి మిషన్ను, కరస్పాండెంటును, కోడింగు కనిపెట్టినవాణ్ణి వరసబెట్టి తిట్టుకున్నాను. హాయిగా అనిపించింది.

సారు ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"మాది తుంగతుర్తి పక్కనమ్మా. కోదాడకు ఉద్యోగం మీద వచ్చాను. మా అమ్మ ఉంటది, అయితది అనే మాట్లాడేది. నలుగురిలో కూడా దిద్దేవాణ్ణి. రాను రాను నా ముందు మాట్లాడటమే మానేసింది."

అంతలో ఆయనే అడిగాడు.

"ఇగ నీ నౌకరికేం ఫికర్ లేదు గద, బిడ్డా?"