ఆగిన మిల్లుకు గ్రీజు

కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో బడ్జెట్ మర్నాటి పేపరు చదువుతున్నాను. ఆ ఏడు బియ్యానికి బయట గిరాకీ పడిపోయి, వడ్ల మీదే బతికే మా వైపు చాలా మిల్లులు మూతపడ్డాయి. గరిడేపల్లిలో ఎక్కి నా పక్కన కూర్చున్నాయన ఒళ్లో గ్రీజు డబ్బా ఉంది.

"మన దిక్కు ఏమన్న రాసిండ్రా సార్?" అని అడిగాడు.

రాబడి తగ్గినా కొత్త ఇండస్ట్రియల్ పార్కుకు నిధులు పెట్టారని చదివి వినిపించాను.

"కొత్తయి పెడ్తరు, మంచిదే. మూతవడ్డయి బిగుసుకపోకుండ తిప్పేటందుకు ఏమన్న ఉన్నదా?"

నాకు అర్థం కాలేదు. ఆయన చేతిని గాలిలో మెల్లగా గుండ్రంగా తిప్పి చూపించాడు. తను పనిచేసే మిల్లు నాలుగు నెలలుగా బంద్. వారానికోసారి పోయి, బేరింగులకు గ్రీజు పెట్టి, చక్రాలను చేత్తో తిప్పి వస్తాడట.

"ఓనర్ రమ్మన్నాడా?"

"తాళం ఇచ్చిండు, గంతే. తుప్పు వడితే పాత ఇనుము కింద అమ్ముతరు సార్. తిరిగేదాన్ని ఎవరమ్ముతరు?"

పేపరులో వెతికి, లేదన్నాను.

"లోపలి పేజీల గూడ సూడున్రి" అన్నాడు.

మిర్యాలగూడ ఇంకా రాకముందే, పొగలేని ఒక మిల్లు గొట్టం ఎదురుగా దిగిపోయాడు. నేను లోపలి పేజీలు తిరగేస్తూనే ఉన్నాను.

ఇప్పటికీ ఏటా బడ్జెట్ మర్నాడు తిరగేస్తాను.