తాడు వదలని రామసుబ్రహ్మణ్య రాజా

రామసుబ్రహ్మణ్య రాజాకు కోపం వస్తుందనడం తప్పని గోపాలసామి అభిప్రాయం. రావాలంటే అది ముందు పోవాలి కదా! ఇడ్లీ వేడిగా ఉంటే ఆయన వేడి అని తిట్టేవాడు, చల్లారితే చల్లారిందని తిట్టేవాడు, తినేశాక అయిపోయిందని తిట్టేవాడు.

నూలు మిల్లులో వేల కదుళ్ల రొదను మించి కూలీలను తిట్టీ తిట్టీ ఆ గొంతు అలా తయారైంది. రిటైరైనా తగ్గలేదు. ఆయన వీధి మలుపులో టౌను బస్సు డ్రైవర్లు హారను కొట్టడమే మానేశారు. రాజా నోరు తెరిస్తే జనం తమంతట తామే పక్కకు తప్పుకునేవారు. పులికి కూడా బెదరని జాతి అని పేరుపడ్డ రాజపాళయం కుక్క, ఆయన చెప్పుల చప్పుడు వింటే మంచం కిందికి దూరేది. భార్య అఖిలాండం మాత్రం బెండకాయలు తరుగుతూ, "ఇంకాస్త గట్టిగా తిట్టండి, ఎదురింటికి సరిగా వినపడలా" అనేది.

ఆ ఎదురిల్లే గోపాలసామిది. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు. శివరాత్రి వచ్చే మాసి నెలలో గోపాలసామికి పక్షవాతం వచ్చింది. చేయీ కాలూ తిరిగొచ్చాయి, మాట మాత్రం తిన్నగా రాలేదు. "మాట్లాడే ప్రయత్నం మానకూడదు. ఇప్పుడు మానితే తర్వాత రావడం కష్టం" అన్నాడు డాక్టరు. కానీ టీకొట్టులో టీ అడగబోతే గోపాలసామి నోట 'గొడుగు' అని వచ్చింది. కొట్టువాడు నవ్వి ఉంటే బాగుండేది. జాలిపడి లోపలికెళ్లి గొడుగు తెచ్చిచ్చాడు. ఆ రోజుతో గోపాలసామి నోరు మూసేశాడు.

అప్పటినుంచి ఊరంతా ఆయనతో ఊయలలోని బిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడింది. భార్య సుందరవల్లి కూడా గొంతు పెంచడం మానేసింది. లోపల ఆయన గంజిలా ఉడికిపోయేవాడు. మారనిది రాజా ఒక్కడే.

"ఏమిరా, నోట్లో కొళుక్కట్టై కుడుము కుక్కుకోనుండావా? లేయ్! చోళపురం దారికి పోవాల!"

అక్కడి కణ్మాయి చెరువు కొండమీది వానలతో ఆ ఏడు తొందరగా నిండింది. ఆషాఢంలో వీచే ఆడి గాలి మొదలైంది. రాజా తూత్తుకుడి నుంచి లారీలో ఒక పడవ దింపించాడు. రెండు సన్నటి దోనెలు, వాటి నడుమ నులక మంచంలా బిగించిన వల, పైన తెరచాప. కాటమరాన్ అన్నారు. నేర్పడానికి పాండిసెల్వం అనే అతను కూడా లారీలోనే దిగాడు.

"ఈ గాలి నా పంచె మూడుసార్లు లాక్కోని పోయింది. దీన్నెక్కి తొక్కకుండా విడిచిపెడతానా?" అన్నాడు రాజా.

"ఒంటిగానా?" అంది అఖిలాండం.

"తోడుంటే వాణ్ణి తిట్టేదానికే పొద్దు చాలదు. గోపాలసామి గట్టున కూర్చోనుంటాడు. నేను మునిగితే నలుగుర్ని పిలుస్తాడు."

"ఆయన ఎట్ల పిలిచేది అన్నా?" అంది సుందరవల్లి బిక్కుబిక్కుమంటూ.

"పిలవకపోతే మునుగుతాను. తప్పు వాడిది!"

లారీలో తెరచాప చిరిగిందని రాజా తన పాత మిల్లువాళ్ల చేత ఆస్పత్రి కట్టుగుడ్డతో కొత్త చాప కుట్టించాడు. గాయానికి గాలి ఆడాలని నేసే గుడ్డ అది. ఆడి గాలి అందులోంచి హాయిగా అవతలికి నడిచిపోయింది. పడవ జానెడు కదల్లేదు. రాజా మిల్లును తిట్టి, గాయాలను తిట్టి, పాత చాపకే అతుకు వేయించాడు.

"సార్, విషయం ఒకటే" అన్నాడు పాండిసెల్వం. "గాలి తోసేప్పుడు చేతిలో చాప తాడు వదలాల. వదిలితే పడవ నిలుస్తాది. పట్టుకుంటే బోల్తా."

"గాలికి జడిసి నేను వదలాల్నా? నేనా?"

గాలి తోసింది. రాజా ఇంకా బిగించి లాగాడు. ఒక దోనె అయ్యనారు గుడి ముందు ముంగాళ్లెత్తిన మట్టిగుర్రంలా గాల్లోకి లేచింది, మరుక్షణం రాజా నీళ్లలో ఉన్నాడు. పైకొచ్చిన బుడగలు కూడా తిట్టినట్టే పగిలాయి.

రోజూ ఇదే వరస. గట్టున గోపాలసామికి పిచ్చెక్కేది. దూరాన నీళ్లు నల్లబడి ముడతలు పడితే గాలి వస్తున్నట్టని ఆయనకే తెలిసిపోయింది, ఈ మొండివాడికి తెలియదే! చేతులు ఊపేవాడు, తువ్వాలు విసిరేవాడు, కాలితో నేల తన్నేవాడు.

"ఏమిరా, కాకుల్ని తోలతా ఉండావా? నోటితో చెప్పు!" అని నీళ్లలోంచి అరిచేవాడు రాజా.

ఒక సాయంత్రం గాలి తాటిమట్టలను విరిచి విసురుతోంది. పడవ నేరుగా చెరువు నీళ్లు పొర్లే కలుజు రాళ్ల మీదికి దూసుకుపోతోంది. ఒక దోనె పైకి లేచింది. రాజా తాడు గుండెకు బిగించుకుని, రాళ్లకేసి కాదు, గట్టుకేసి చూస్తున్నాడు. గోపాలసామి పక్కకు చూస్తే పాండిసెల్వం తాపీగా వేరుసెనక్కాయలు ఒలుస్తున్నాడు. నెలల తరబడి మింగిన కోపమంతా ఒక్కసారి గొంతులోకి ఎగదన్నింది.

"వదలరా! తాడు... వదలరా, దున్నపోతా!"

కొంగలన్నీ లేచిపోయాయి. రాజా తాడు వదిలాడు. దోనె మెత్తగా నీళ్లకు దిగింది. పడవ రాళ్ల ముందు ఒయ్యారంగా మలుపు తిరిగి, ఎదురుగాలిలో అటూ ఇటూ ఏటవాలుగా కోసుకుంటూ వచ్చి, సరిగ్గా గోపాలసామి కాళ్ల దగ్గర ఆగింది. ఇది ఈరోజు నేర్చినవాడి పని కాదు.

"సార్ రెండో వారమే నేర్చేసినాడయ్యా" అన్నాడు పాండిసెల్వం నవ్వాపుకోలేక. "మీరు లేనప్పుడు జోరుగా తిరుగుతాడు. మీరొస్తే బోల్తా కొట్టాలని..."

"నువ్వు నోరు మూయరా!" అని రాజా గర్జించాడు.

"కావాలని... పడినావా?" అన్నాడు గోపాలసామి. తువ్వాలు తీసి పడవ మీదికి విసిరికొట్టాడు, కోపంతోనే.

"మరి? నీ నోట ఒక తిట్టు రాబట్టేదానికి సగం కణ్మాయి తాగినాను! నీ అంత సోంబేరిని ఎక్కడా చూళ్లేదు. ఇదిగో ఫోను, ఇంటికి మాట్లాడు. గొడుగే వస్తే గొడుగే చెప్పు!"

అవతల సుందరవల్లి "హలో" అంది. గోపాలసామి కళ్లు మూసుకుని, ఒక్కొక్క మాటనూ బావిలోంచి తోడినట్టు తోడాడు.

"రాత్రికి... కూరలో... ఉప్పు... వెయ్యవే!"

 అవతలినుంచి, ఆ వీధి చాలా కాలంగా వినని గొంతు ఒక్కసారి విరుచుకుపడింది. "చచ్చినా వెయ్యను! డాక్టరు వద్దని చెప్పినాడు కాదా? మాటొచ్చిందో లేదో మొదలుపెట్టేసినారా?"

గోపాలసామి ముఖం వెలిగిపోయింది. "వెయ్యి!" అన్నాడు. "వెయ్యను!" అంది ఆమె, ఏడుస్తూ.

పాండిసెల్వం చెవులు రిక్కించాడు. రాజా వాడి భుజం పట్టుకుని పడవ అవతలికి ఈడ్చుకుపోయి, మొగుడూ పెళ్లాల మాటలు మరెవరికీ వినపడకుండా, చాపనూ తాడునూ రెండు దోనెలనూ ఒక్కొక్కదాన్నే గొంతెత్తి తిట్టడం మొదలుపెట్టాడు.