మాట లేని బాక్సు

మా రాయచెర్లులో నా ఉద్యోగం పేరు చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, సోలార్ పార్కులో మెయింటెనెన్స్. చేసేది ప్యానెళ్ళు కడగడం. పొడుగు కర్రకు గుడ్డ, వెనకాల నీళ్ళ ట్యాంకరు. ఒకప్పుడు నాయన గొర్రెలు మేపిన నేలమీదే ఇప్పుడు నేను అద్దాలు తోముతున్నాను. కరెంటు తక్కువ వస్తోందని ఎవరైనా అంటే మా సూపర్‌వైజరు దగ్గర ఉన్నది ఒకటే మందు. కడగమంటాడు.

అందుకే మా ఇంటి టీవీలో బొమ్మ పోయి మాట ఒక్కటే మిగిలినప్పుడు నేను మొదట చేసిన పని డిష్షు కడగడం. ఆదివారం పొద్దున్నే మిద్దెక్కి, పార్కు నుంచి తెచ్చిన కర్రతో దాన్ని తళతళలాడేలా తోమాను. ఆ తోముడుకు అది కాస్తా పక్కకు తిరిగి, ఉన్న మాట కూడా పోయింది. నాయన పైకొచ్చి, ఎదురింటి డిష్షు ఎటు చూస్తోందో చూసి, దారి తప్పిన గొర్రె మూతి మళ్ళించినట్టు మాదాని అంచు పట్టుకొని అటే తిప్పాడు. నేను టీవీ చూడ్డానికి దిగాను. మాట వచ్చిందని కింద నుంచి అరిస్తే ఆయనకు వినపడదు కాబట్టి వాకిట్లోకి పరిగెత్తి చెయ్యి ఊపాను.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. నాయనకు చెవులు బాగా మందం. పక్కన కూర్చుని చెబితేనే వినపడుతుంది, అదీ అమ్మ గొంతైతేనే. అమ్మకు కళ్ళలో పొర. మనిషి తెలుస్తాడు, మొహం తెలియదు. ఆపరేషన్ మాటెత్తితే వచ్చే నెల చూద్దామంటుంది, ఆ నెల రెండేళ్ళుగా వస్తూనే ఉంది. భూమి పార్కుకు పోయి మేపుకు చోటు లేకపోయాక, మిగిలిన గొర్రెలను నాయన మడకశిర దిక్కున ఉన్న మా మేనమామకు పాలుకు తోలాడు. మేపేది మామ, పుట్టిన పిల్లల్లో సగం మావి. గొర్రెలెట్లున్నాయని ఫోన్లో ఎప్పుడడిగినా మామ బ్రహ్మాండంగా ఉన్నాయంటాడు. పాలుకు తీసుకున్న మనిషి అట్ల కాక ఇంకెట్ల అంటాడని నాయన ఆ మాట నమ్మడు. అక్కడ వాన పడిందంటే గడ్డి ఉన్నట్టు, గడ్డి ఉందంటే గొర్రెలున్నట్టు. ఆ వాన కబురు చెప్పేది సాయంత్రం తెలుగు వార్తలు.

అట్లా ఇద్దరూ టీవీ ముందు చేరతారు. కనిపించేది నాయన అమ్మకు చెబుతాడు, వినిపించేది అమ్మ నాయనకు చెబుతుంది. గొర్రెలు పోయాక వాళ్ళిద్దరి మధ్య మిగిలిన మాటలు దాదాపు ఇవే.

పావగడలో టీవీ సామాన్ల అంగడాయన నా డిష్షు స్నానం కథ విని నవ్వు ఆపుకొని, అసలు సంగతి చెప్పాడు. ఛానెళ్ళు కొత్త ఫార్మాట్‌కు మారుతున్నాయట. బొమ్మ మారింది, మాట ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. అందుకే పాత బాక్సుకు మాట మాత్రమే అర్థమవుతోందట. నేను ఆ నెల చీటీ డబ్బు కట్టకుండా ఆపి కొత్త బాక్సు కొన్నాను.

బిగించగానే వచ్చింది చూడండి బొమ్మ. వార్తలు చదివే ఆమె ముక్కుపుడక రాయి కూడా మెరిసింది. మాట మాత్రం లేదు. మిగతా ఛానెళ్ళన్నీ గలగలా మాట్లాడుతున్నాయి, మాకు కావలసిన ఆ ఒక్కటే నోరు కట్టేసుకుంది. అంగడికి ఫోన్ చేస్తే, ఆ ఛానెల్ ఈ వారమే మాటను కూడా కొత్త ఫార్మాట్‌కు మార్చిందట, బాక్సుకు అప్‌గ్రేడ్ చేయాలట. పాత బాక్సు మళ్ళీ తగిలించి చూశాను. దాంట్లో ఇప్పుడు రెండూ లేవు.

ఆ సాయంత్రం మాట లేని వార్తల ముందు ఇద్దరూ మామూలుగానే కూర్చున్నారు. వాతావరణం వచ్చింది. ఏమంటోందని నాయన అడిగాడు. మడకశిర దిక్కు మంచి వాన పడిందని అమ్మ గట్టిగా చెప్పింది.

నేను టీవీ వైపు చూశాను. చీమ చిటుక్కుమన్నది లేదు. నాయన లేచిపోయాక, ఎక్కడ విన్నావని అమ్మను అడిగాను.

"యాడా ఇనలేదు. గొర్రెలు బాగుండాయంటేనే మీ నాయన ముద్ద తింటాడు," అంది.

తర్వాత నాలుగు రోజులూ అమ్మ వాన కురిపిస్తూనే ఉంది. ఒక రోజు వాగు కూడా పారించింది. నాకు మాత్రం మనసు మనసులో లేదు. నిజం తెలియక నాయన గొర్రెలను అక్కడే వదిలేస్తే, మేత లేక అవి చస్తే, ఆ పాపంలో నాకూ పాలుంటుంది కదా. ఆయనకు నిజం వినిపించడం కొడుకుగా నా బాధ్యత అనుకున్నాను. బాధ్యత అనుకోగానే కాస్త గర్వంగా కూడా అనిపించింది.

అంగడాయన పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసిచ్చాడు. మధ్యలో కరెంటు పోతే బాక్సు ఇటుకతో సమానమని హెచ్చరించాడు. ఎక్కడెక్కడి ఊళ్ళకో కరెంటు పంపే పార్కు పక్కనే మా ఊరు, మాకు మాత్రం అది చెప్పాపెట్టకుండా పోతుంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చి, తెరమీద అంకెలు నూటికి చేరేదాకా ముద్ద ముట్టుకోకుండా బల్బు వైపే చూస్తూ కూర్చున్నాను. కరెంటు పోలేదు.

సాయంత్రం బొమ్మా వచ్చింది, మాటా వచ్చింది. నాయనకు కూడా వినపడాలని సౌండు నిండా పెట్టాను. ఆ దిక్కున చుక్క వాన లేదనీ, ఇంకో వారం దాకా ఆశ కూడా లేదనీ వార్తలామె ఇల్లదిరేలా చెప్పింది. తెరమీద పటం అంతా పసుపు రంగు, వాన పడిందని చూపే నీలం ఎక్కడా లేదు.

"ఏమంటాండాది?" అని నాయన అడిగాడు.

అమ్మ నాయన చెవి దగ్గరికి వంగింది. "మడకశిర దిక్కు బాగా పడిందంట."

నాయన ఆ పసుపు పటాన్నే చూస్తున్నాడు. అప్పుడు తట్టింది నాకు. కొత్త బాక్సు వచ్చినప్పటి నుంచి ఆ పసుపు పటం ఒక్క రోజు కూడా తప్పలేదు, ఆయన కళ్ళకేం తక్కువ లేదు. నాకన్నా ముందే ఆయనకు అంతా తెలుసు. తెలిసే రోజూ అడుగుతున్నాడు.

నాయన నా వైపు తిరిగాడు.

"రేయ్, ఆ సౌండు తగ్గీరా. మీయమ్మ చెప్పేది ఇనపడల్యా."

తగ్గించాను. అమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.