యాభై ఎనిమిది మంది ఇచ్చిన సెలవు

గాజువాకలో కాపురముండే నీలకంఠం కేంద్ర భద్రతా బలగంలో హెడ్ కానిస్టేబుల్. ఒక పెద్ద ఫ్యాక్టరీ గేట్ల దగ్గర ఏ పూట ఎవరు కాపలా కాయాలో చార్ట్ రాసే పని ఆయనది. మనుషులుంటే అది ఎంతసేపటి పని! వాళ్ల షిఫ్టుకి మంజూరైన పోస్టులు ఎనభై, ఉన్నది యాభై ఎనిమిది మంది. రిటైరైనవాళ్ల ఖాళీలు నిండలేదు, ఇంకొందరు ఎన్నికల బందోబస్తుకి వెళ్లారు. చాలని దుప్పటిని తలకి లాగితే కాళ్లు బయట, కాళ్లకి లాగితే తల బయట అన్నట్టు ఉండేవి ఆయన పాట్లు.

అయినా ఆ ఉద్యోగమంటే ఆయనకి గురి. చీపురుపల్లి దగ్గర కౌలుసేద్యం చేసే ఇంట్లోంచి వచ్చినవాడు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో వచ్చింది ఒక్కటే ప్రమోషన్. పైన పోస్టులు తక్కువ, వరసలో ఉన్నవాళ్లు ఎక్కువ. కాకపోతే పదేళ్లు ప్రమోషన్ లేకుండా ఉండిపోయినవాడికి జీతం ఒక మెట్టు పైకి జరుపుతారు. ఆటోనగర్‌లో లేత్ పని చేసే బావమరిది కొండలరావు, "ఏటి బావా, ఇంకా అయ్యే పట్టీలా?" అని భుజం చూపించి ఆటపట్టిస్తే, ఆ జరిగిన మెట్టు మీదే కూతురు హిమబిందు డిగ్రీ చదివిందని నవ్వుతూ చెప్పేవాడు.

ఆ హిమబిందుకి ఇప్పుడు అదే బలగంలో ఉద్యోగం వచ్చింది. తమిళనాడులోని అరక్కోణంలో శిక్షణ ముగిసింది, కవాతు చూడ్డానికి అమ్మానాన్నల్ని రమ్మంది. నాలుగు రోజుల సెలవు కావాలి. సరిగ్గా అవే తేదీలకి కానిస్టేబుల్ ఇద్రీస్ దరఖాస్తు పెట్టాడు. అతని భార్య నూరున్నీసాకి తొలికాన్పు. పంపడానికి వీలయ్యేది ఒక్కరినే. నీలకంఠం చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఇద్రీస్‌కి సెలవు రాసి, తన పేరు ఒకటో గేటు ఎదురుగా రాసుకున్నాడు. ఇంటికెళ్లి, తోడుగా కొండలరావు వస్తాడని భార్య పాపాయమ్మకి చెప్పాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఫోన్లో కూతురు సరేనంది గానీ, వెంటనే పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్తే బోర్డు మీద వేరే చార్ట్ అంటించి ఉంది. రాత కోడిగీతల్లా ఉంది. కొందరు తమ వారపు సెలవు వదులుకున్నారు, మిగతావాళ్లు తలా కాస్త ఎక్కువసేపు నిలబడడానికి ఒప్పుకున్నారు. ఒకటో గేటు ఎదురుగా కానిస్టేబుల్ గణేష్ పేరుంది. అడుగున, నీలకంఠానికి నాలుగు రోజుల సెలవు అని రాసి ఉంది.

ఇన్‌స్పెక్టర్ శ్రీరామ్మూర్తిని అడిగితే, కూతురి కవాతు మానుకుని గేటుకి పేరు రాసుకున్నాడని తెలిసి ముందురోజు సాయంత్రం షిఫ్టు మొత్తం తన గది ముందుకొచ్చి నిలబడ్డారని, ఎవరి మీదా బలవంతం లేదని కనుక్కుని సంతకం పెట్టానని చెప్పాడు.

నీలకంఠానికి గణేష్ పేరు చూశాకే మనసు కలుక్కుమంది. కిందటేడు తమ్ముడి పెళ్లికి గణేష్ సెలవడిగితే తనే కుదరదన్నాడు. తరవాత రెండు నెలలు అతను మాట్లాడలేదు. వెతుక్కుంటూ వెళ్తే బళ్ల స్టాండు దగ్గర దొరికాడు.

"నీ తమ్ముడి పెళ్లికి నాను పంపలేదు కదరా," అన్నాడు నీలకంఠం.

"అప్పుడు సరిపడా మనుషులు నేరు కదా. నీ తప్పేటుందన్నా? నాకు తెలీక కాదు, కోపం దిగడానికి టైం పట్టింది. ఎల్లు, రైలు తప్పిపోద్ది," అన్నాడు గణేష్.

నీలకంఠం అతని చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలాడు.

అరక్కోణం మైదానంలో అందరూ ఒకే టోపీ, ఒకే బూట్లు. కూతురెవరో ఆయనకి అంతు చిక్కలేదు. నడక చూసి పాపాయమ్మే ముందు పోల్చుకుంది. కవాతయ్యాక హిమబిందు ఎదురుగా వచ్చి సెల్యూట్ చేసింది. ఆయన తిరిగి సెల్యూట్ చేశాడు. అంతలో ఇద్రీస్ ఫోన్ చేశాడు, ఆడపిల్ల పుట్టిందని.

కూతురికి పోస్టింగ్ దూరంగా ఒక విమానాశ్రయంలో పడింది. "అక్కడా మనుషులు తక్కువేనంట నాన్నా," అంది.

"అయితే తోటోళ్లతో మంచిగుండమ్మా. మనకి పక్కనుండేది ఆళ్లే," అన్నాడు.

తిరిగొచ్చిన వారమే నీలకంఠం, ఆదివారం గణేష్ చెయ్యాల్సిన డ్యూటీ తన పేరు మీద రాసుకున్నాడు. గణేష్ భార్యాపిల్లల్ని తీసుకుని రుషికొండ బీచికి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఒకటో గేటు దగ్గర నిలబడి నీలకంఠం, లోపలికెళ్లే ప్రతి లారీ కాగితాలూ ఓపిగ్గా చూసి పంపాడు.