రెండో సగం

మా వీధిలో ఆమెని అందరూ దారం పెద్దమ్మ అంటారు. నాకు మాత్రం నిజంగానే పెద్దమ్మ, మా అమ్మకి సొంత అక్క. చదువు మధ్యలో మానేసి, పని దొరక్క, ఆ ఇంట్లో తింటూ పడి ఉన్నవాణ్ణి కాబట్టి ఆమె గురించి రాసే అర్హత నాకుంది. వేరే అర్హతలు అడగొద్దు.

పెదనాన్నది పుస్తకాల బైండింగ్ పని. ఇంటి ముందుగదే కార్ఖానా. ఆయన అట్టలు కోస్తాడు, జిగురు కలుపుతాడు, కటింగ్ మిషన్ తిప్పుతాడు, వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతాడు. పెద్దమ్మ ఫారాలు కుడుతుంది. పదహారు పేజీలుగా మడిచిన కాగితాన్ని ఫారం అంటారు. ఫారాలన్నీ ఒకదానికొకటి కుడితేనే పుస్తకం. ఆ కుట్టు ఊడితే అట్ట ఎంత అందంగా ఉన్నా దండగే. అయినా బోర్డు మీద ఉన్నది పెదనాన్న పేరు.

కుట్టే ముందు ప్రతి ఫారంలోనూ నాలుగు వాక్యాలు చదవడం ఆమెకి అలవాటు. అందువల్ల లోకజ్ఞానమంతా ఆమెకి పదహారేసి పేజీల చొప్పున వచ్చింది. వైద్యశాస్త్రం మూత్రపిండాల దాకా తెలుసు, ఆ తర్వాతి ఫారం ఎలుకలు కొట్టేశాయి. చట్టంలో నేరాలన్నీ వచ్చు, శిక్షలు రావు. ఏ విషయమైనా ధీమాగా మొదలుపెట్టి, మిగతాది తర్వాతి ఫారంలో ఉంటుందిలే అని దారం కొరికేస్తుంది.

ఆమె పూర్తిగా చదివేది డిటెక్టివ్ నవలలు ఒక్కటే. ఇద్దరికీ ఒకే రచయిత అంటే పిచ్చి. కొత్త నవల రాగానే పెదనాన్న దాన్ని మిషన్ మీద పెట్టి, వెన్ను ఊడదీసి, సరిగ్గా నడిమికి రెండు చేస్తాడు. మొదటి సగం ముందు ఆయన చదువుతాడు. ఆయన రెండో సగంలోకి వెళ్ళాక మొదటి సగం పెద్దమ్మకి వస్తుంది. ఇందులో న్యాయం ఏమిటంటే ఇద్దరూ ఒకేసారి చదువుకోవచ్చు. అన్యాయం ఏమిటంటే హంతకుడెవరో ఎప్పుడూ ఆయనకే ముందు తెలుస్తుంది. తెలిశాక ఆయన నోరు ఊరుకోదు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తుంటే, పాపం ఆ వంటవాణ్ణి అనుమానించకు అంటాడు. ఆమె మండిపడితే నేనేం చెప్పలేదే అంటాడు. మరి చంపిందెవరు, ఎందుకు అని అడిగితే, రెండో సగంలో ఉంది, చదువుకో అంటాడు. పెళ్ళయినప్పటి నుంచి పెద్దమ్మ ఒక్క హంతకుణ్ణి కూడా తనంతట తాను పట్టుకోలేదు. ఆమెకి పెద్ద పెద్ద కోరికలేం లేవు. ఒక్క నవల చివర, ఒక్కటంటే ఒక్కటి, ఆయన కంటే ముందు చూడాలి. ఈ మాట నాతో ఫారానికోసారి చెప్పేది.

నిరుడు ఆ రచయిత పుస్తకాలు వేసేవాళ్ళు, కాగితం ఖర్చు మా వల్ల కాదు, ఇకనుంచి నవలలు ఈ-బుక్కులుగానే వస్తాయని ప్రకటించారు. పెదనాన్న రెండు రోజులు కటింగ్ మిషన్ ముట్టుకోలేదు. పెద్దమ్మ మాత్రం ఆ సాయంత్రం అందరి టీలోనూ చక్కెర ఎక్కువ వేసింది. కాగితం లేకపోతే సగాలు లేవు. ఈ-బుక్కులు చదివే మిషన్‌ని రీడర్ అంటారు, ఎవరిది వాళ్ళకుంటే ఇద్దరూ ఒకే గీత దగ్గర పరుగు మొదలుపెట్టొచ్చు. ఆయన చదవడం నత్తనడక. ఇంకేం కావాలి? ఒకటి కొంటే చాలదా అని ఆయన గొణిగితే, రెండు కొనకపోతే రేపటి నుంచి కుట్టు మీరే కుట్టుకోండి అంది.

నేను ఇంటర్నెట్‌లో దొరికిన పోలికలన్నీ చదివాను. ఉన్నవి రెండు కంపెనీలు. ఒకరి దగ్గర కొన్న పుస్తకం రెండోవాళ్ళ మిషన్‌లో తెరుచుకోదు. కాబట్టి ఏది కొన్నా ఇద్దరూ ఒకే కంపెనీది కొనండని చెప్పాను. కటింగ్ మిషన్ కింద రాలే కాగితం ముక్కకి ఎంత విలువో ఆ ఇంట్లో నా మాటకీ అంతే.

దుకాణంలో పెదనాన్న రెండు కంపెనీల రీడర్లనీ అరచేతిలో తూచాడు. వెన్ను ఎక్కడుందా అని తడిమాడు. వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చివరికి పక్కన బొత్తాలున్న నల్లదాన్ని తీసుకున్నాడు. పేజీ తిప్పితే ఆ సంగతి చేతికి తెలియాలట. తర్వాత, ఇందులో పుస్తకాన్ని రెండు చేయడం ఎలాగని అమ్మే అతన్ని అడిగాడు. అతను చాలాసేపు మర్యాదగా ఆలోచించి, తెలియదు సార్ అన్నాడు. బూడిదరంగుది పట్టుకుంటే జారిపోతోంది, అది పనికిరాదని పెదనాన్న తేల్చేశాడు. అలా తేల్చకుండా ఉండాల్సింది. పెద్దమ్మ వెంటనే ఆ బూడిదరంగుదే కావాలంది. అక్షరాలు పెద్దవి, వెలుగు బాగుంది అని కారణం చెప్పింది. అసలు కారణం ఆమె పక్కనే నిలబడి ఉంది.

ఇంటికి రాగానే ఇంకో ఘనకార్యం చేశారు. అట్ట లేని పుస్తకం ఎదురుగా ఉంటే వాళ్ళిద్దరికీ చేతులు ఊరుకోవు. ఆయన అట్ట కోశాడు, ఆమె బైండింగ్‌కి వాడే కాలికో గుడ్డ అమర్చింది, మైదా జిగురు పూసి రెండు రీడర్లనీ శాశ్వతంగా బైండ్ చేసేశారు. వాటి వీపు మీద ఉన్న మోడల్ నంబర్లన్నీ గుడ్డ కిందికి పోయాయి. చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉన్నాయి, అబద్ధం చెప్పను.

నవల వచ్చింది. నల్లదాని కంపెనీలో మాత్రమే వచ్చింది. పెదనాన్న కొన్నాడు. పెద్దమ్మ తన దాంట్లో రచయిత పేరు కొడితే, అదే పేరున్న పశువైద్యుడు కోళ్ళ పెంపకం మీద రాసిన పుస్తకం చూపించింది. నేను రెండిటినీ కంప్యూటర్‌కి తగిలించి, ఆయన ఫైలు తీసి ఆమె దాంట్లో వేశాను. ఈ పుస్తకం తెరవడానికి ఈ పరికరానికి అనుమతి లేదు అని వచ్చింది.

“ఎవరి అనుమతి?” అంది పెద్దమ్మ.

“కంపెనీది. కాపీ చేసుకోకుండా తాళం వేస్తారు.”

“డబ్బిచ్చి కొన్నాం కదరా.”

“కొన్నది పుస్తకాన్ని కాదు పెద్దమ్మా. వాళ్ళ మిషన్‌లో చదువుకునే అనుమతిని.”

ఆమె తన వేలి మీది కాయని బొటనవేలితో రుద్దుకుంది. “అయితే ఇన్నాళ్ళూ నేను కుట్టిందేంటి?”

తాళం తీసే దొంగదారులు ఉంటాయని విన్నాను గానీ, ఆ ఫైలు పాడైతే పెదనాన్న నన్నే నడిమికి రెండు చేస్తాడని ఊరుకున్నాను. ఫోన్‌లో చదువుకోవచ్చు కదా అంటే, ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉంటాయని ఆమె కొట్టిపారేసింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకావిడ మా గోడంతా ఓపిగ్గా విని, మా రీడరే ఇంకోటి కొనుక్కోండి అంది. బూడిదరంగుది మార్చి ఇమ్మని దుకాణానికి వెళితే, అమ్మే అతను దాన్ని వెనక్కి తిప్పి, కాలికో మీద వేలు రాసి, ఇది ఏ మోడల్ మేడమ్ అని అడిగాడు.

పెదనాన్న సంతోషం పట్టలేకపోయాడు. రెండు చేయడానికి వీల్లేని పుస్తకం నిండుగా ఆయన చేతికే వచ్చింది. నాది అయ్యాక నీకే ఇస్తాగా అని ఓదార్చాడు. ఆమె చేతిలో ఇప్పుడు మొదటి సగం కూడా లేదు. అయినా జిగురు కలుపుతూ, ఈ తోటమాలి ఉన్నాడే అని మొదలుపెట్టేవాడు. ఆ వారం పెద్దమ్మ ఎంత బిగించి కుట్టిందంటే, ఆ పుస్తకాలు తెరవాలంటే ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు లాగాలి.

అంతలో ఒక కాలేజీ లైబ్రరీ నుంచి కబురొచ్చింది. చిరిగిన పుస్తకాలు అక్కడికే వచ్చి బాగుచేయాలట. పెదనాన్న పొద్దున వెళితే దీపాలు పెట్టాకే రావడం. మొదటి రోజు ఆయన రీడర్‌ని సంచిలో పెట్టుకోబోతే పెద్దమ్మ అడ్డం వచ్చింది.

“ఆ దుమ్ములోకి తీసుకెళితే అనుమతి పోతుందట. అబ్బాయి చెప్పాడు.”

నేను అలాంటి మాటేదీ చెప్పలేదు. తల మాత్రం ఊపాను. ఈ అనుమతి గొడవ ఏమిటో ఆయనకి అంతుపట్టలేదు కాబట్టి భయపడి రీడర్ బల్ల మీద పెట్టేసి వెళ్ళాడు.

సైకిల్ మలుపు తిరగ్గానే పెద్దమ్మ సూది పక్కన పెట్టింది. నేను ఒక సంగతి హెచ్చరించాను. కాగితం పుస్తకానికి తనని ఎక్కడ మూశారో గుర్తుండదు, దీనికి గుర్తుంటుంది. ఎవరు చదివినా సరే, ఆపిన చోటే మళ్ళీ తెరుచుకుంటుంది. ఆమె బుద్ధిగా ఆయన పేజీ నంబరు అరచేతి మీద రాసుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. చీకటి పడబోయే ముందు మళ్ళీ ఆయన పేజీకి తెచ్చి పెట్టింది. రోజూ ఇదే వరస. సాయంత్రం ఆయన కళ్ళజోడు పెట్టుకుని తన పేజీలో తను కూర్చునేవాడు, తోటమాలి గురించి చిన్న చిన్న సూచనలు పారేసేవాడు. మూడో రోజుకే ఆయన్ని దాటిపోయిన పెద్దమ్మ తల వంచుకుని దారం కొరుకుతూ ఉండేది. నవ్వు ఆపుకోవడం ఆమెకి కొత్త పని.

లైబ్రరీ పని ముగిసే రోజు ఆమె చివరి పేజీకి వచ్చింది. చదివింది. మళ్ళీ చదివింది. హంతకుడు డాక్టర్. తోటమాలికి ఈ హత్యతో ఏ సంబంధమూ లేదు.

బయట సైకిల్ స్టాండ్ వేసిన చప్పుడైంది. పెద్దమ్మ రీడర్ అట్ట మూసి, బల్ల మీద ఎప్పుడూ ఉండే చోట పెట్టి, తన పీట దగ్గరికి పోయి సూది అందుకుంది.

“పేజీ వెనక్కి తిప్పలేదు పెద్దమ్మా,” అన్నాను గొంతు తగ్గించి.

“ఆ దారం ఇటివ్వు,” అంది.

పెదనాన్న కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఇవాళ్టితో ఆ తోటమాలి సంగతి తేలిపోతుంది అంటూ అట్ట తెరిచాడు. తర్వాత ఎంతసేపైనా బొత్తాం చప్పుడు వినపడలేదు. టీ మీద మీగడ కట్టింది.

“ఇదేంటే? డాక్టరా?”

“నేనేం చెప్పలేదే,” అంది పెద్దమ్మ, తలెత్తకుండా.

ఆయన నా వైపు చూశాడు. నేను కింద రాలిన కాగితం ముక్కలు ఏరుకుంటున్నాను. ఆయన రీడర్‌ని చూశాడు, ఆమెని చూశాడు, దుమ్ముని గుర్తు చేసుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. కానీ కోపం బయటికి వచ్చేలోపే ఇంకొకటి దానికి అడ్డం పడింది.

“ఆ డాక్టర్ అసలు ఊళ్ళోనే లేడు కదే. ఎలా చంపాడు?”

పెద్దమ్మ ఫారం మడత లోపలికి సూది దించింది, అటు నుంచి లాగింది, ముడి వేసింది, దారం కొరికింది. అంత తీరిగ్గా ఆమె ముడి వేయడం నేనెన్నడూ చూడలేదు.

“రెండో సగంలో ఉంది,” అంది. “చదువుకోండి.”