ఇత్తడి గిన్నెకు కళాయి: అర్ధవీడు నుంచి గిద్దలూరు దాకా

రెండు నెలల కిందట జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి మా ఇంటామెకు నాలుకకు రుచి తెలియడం లేదు. రెండు ముద్దలు తిని కంచం జరుపుతుంది. వంట ఇప్పుడు నాదే. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఒక్క మాట అనదు. నలభై ఏళ్ల కాపురంలో అట్లా ఎన్నడూ లేదు. మొన్న మాత్రం, "మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నెలో చారు కాస్తే తాగుతానేమో" అన్నది. అటక మీంచి దించి చూస్తే గిన్నె లోపల కళాయి, అదే తగరం పూత, పోయింది. కళాయి లేని ఇత్తడిలో పులుపు కాస్తే చిలుము దిగుతుంది. కళాయి వేసేవాళ్లు మా అర్ధవీడు వైపు రావడం మానేసి చాలా ఏళ్లయింది. మార్కాపురంలో ఎవరో తగరం పూత వేస్తారని విని బయలుదేరాను.

ఉదయం ఆరున్నర బస్సెక్కి, కంభంలో మారి, తొమ్మిది దాటాక మార్కాపురం చేరాను. రెండు బస్సులకూ కలిపి నూరు రూపాయల లోపే. పలకల ఫ్యాక్టరీలుండే రోడ్డులో ఒక రేకుల షెడ్డు. లోపల పెద్ద తొట్టి నిండా నీళ్లలాంటి మందు, రెండు వైపులా బూడిదరంగు లోహపు బద్దలు, నడుమ తీగకు గుత్తులుగా వేలాడే రాగి ముక్కలు. కరెంటు పెడితే బద్దల్లోని లోహం కరిగి, మందులోంచి రాగి మీదికి చేరుతుందట. ఎర్రగా దిగినవి తెల్లగా పైకి వస్తున్నాయి. నాకు ఆశ పుట్టింది. సంచిలోంచి గిన్నె తీసి, దీన్నీ ఒకసారి ముంచమన్నాను.

షెడ్డు నడిపే ఆయనకు నలభై ఏళ్లుంటాయి. గిన్నె తిప్పి చూశాడు.

"దీంట్లో ఏం వండుతావు పెద్దాయనా?"

"చారు. మా ఇంటామెకు బాగలేదు."

గిన్నెను తనే నా సంచిలో పెట్టేశాడు. "ఇది ఒట్టి తగరం కాదు, సీసం కలిసింది. చింతపండు పులుపుకు సీసం చారులోకి దిగుతాది. విషం. నువ్వు ఎంతిచ్చినా ముంచను."

"మరి మీరెందుకు కలుపుతారు నాయనా?"

"ఇవి మోటార్ వైర్ల చివర బిగించేవి. ఈ పూతుంటే రాగికి చిలుము పట్టదు, టంకం బాగా అతుక్కుంటాది. ఒట్టి తగరమైతే కొన్నాళ్లకు వెంట్రుకల మాదిరి సన్న తీగలు మొలుస్తాయి. పక్కదానికి తగిలితే మిషను పోతాది. సీసం కలిపితే ఆ బాధ ఉండదు. నువ్వు గిద్దలూరు పో. బస్టాండు వెనక సందులో కళాయి భాయ్ ఉన్నాడు."

ఏం వండుతావని ఆయన అడగకపోయి ఉంటే? సంచి చంకన పెట్టుకుని గిద్దలూరు బస్సెక్కాను.

గిద్దలూరు చేరేసరికి ఒంటిగంట దాటింది. భాయ్‌ది నా ఈడే. సీసం లేదు కదా అని మూడుసార్లు అడిగాను. నొచ్చుకోలేదు. తగరం కడ్డీ నా చెవి దగ్గర వంచాడు.

"అసలు తగరం వంచితే కిర్రుమంటాది అన్నా. సీసం బాగా కలిస్తే మూగదైపోతాది. విన్నావా?"

నా చెవులు మందం. చెప్పడానికి సిగ్గేసి, విన్నానన్నాను.

"ఏంది నువ్వు విన్నేది? తలకాయ ఊపినావు, అంతే." నవ్వి కడ్డీ నా చేతుల్లో పెట్టాడు. "నువ్వే వంచు."

వంచాను. లోపలేదో నలిగినట్టు వేళ్లకు సన్నగా తెలిసింది.

ఆయన గిన్నెను బొగ్గుల మీద కాచి, మసి వదిలి తగరం అతుక్కోవడానికి నవాసారం పొడి చల్లి, కడ్డీ తాకించి దూదితో ఒక్క చుట్టు తిప్పాడు. తెల్లటి పొగ లేచింది. పొగ పోయాక లోపల వెన్నెల పరిచినట్టుంది. రెండు వందలు తీసుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరి చారు కాచాను. గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగింది. ఇంకో గుక్క తాగి నా వైపు చూసింది.

"ఏమయ్యా, ఉప్పు తక్కువేసినావు."

ఆ మాట కోసం ఇంకో రెండు ఊళ్లయినా తిరిగేవాణ్ణి. రుచి తెలిసింది గిన్నె వల్లనో, జ్వరం వదిలి రోజులు గడిచినందుకో, నాకు తెలియదు. మీరూ పాత గిన్నెలు తీసుకుని పోతే, తగరం కడ్డీ వంచి చూపమనండి. కిర్రుమనడం వినపడకపోతే సిగ్గుపడకుండా చేతిలోకి తీసుకుని మీరే వంచండి.